తాళంచెవి అందరికీ ఇవ్వవచ్చునా?

పాల లెక్కలు కంప్యూటర్లలోకి వచ్చిన తరువాత సంఘాలు తప్పక గమనించవలసిన విషయమొకటి ఉన్నది. బ్రహ్మంగారిమఠం మండలంలోని ఒక గ్రామ సంఘాన్ని ఉదాహరణగా తీసుకొందాము. రెండు పూటలా పాల తూకం, వెన్నశాతం అక్కడి కంప్యూటరులో నమోదవుతాయి. రాత్రి ఎవరూ లేకున్నా ఆ లెక్క ప్రొద్దుటూరులోని సర్వరుకు తనంతట తానే చేరుతుందనుకొందాము. సౌకర్యమే. కాని ఆ పని ఏ ఖాతా పేరున జరుగుతున్నది?

సులువని చాలాచోట్ల అడ్మినిస్ట్రేటర్ ఖాతానే వాడుతారు. అప్పుడు గ్రామ కంప్యూటరులోని సంకేతపదం దొంగల చేతిలో పడితే ఒక్క సంఘం లెక్కే కాదు, అన్ని సంఘాల బిల్లులూ వారి వశమవుతాయి. టెస్టరుకు పరీక్ష గది తాళంచెవి ఇస్తాము గాని, నగదు పెట్టెది ఇవ్వము గదా! పనికి అవసరమైనంత అధికారమే ఇవ్వాలని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే శాస్త్రజ్ఞులు 1975లోనే వ్రాశారు.

ఇందుకు మార్గాలు ఉన్నవి.

1. ఈ పనికి ప్రత్యేక ఖాతా తెరవాలి. అది తన సంఘం లెక్కను చేర్చగలగాలి, ధరల పట్టికను చదవగలగాలి, అంతే. నకలు ప్రతులను చెరిపే హక్కు దానికి ఉండరాదు.

2. లినక్స్ సర్వరైతే, ఎస్‌.ఎస్‌.హెచ్‌. తాళాన్ని ఒకే ఆజ్ఞకు కట్టివేయవచ్చు. పై అధికారం తప్పనిసరైనచోట 'సుడో' ద్వారా ఆ ఒక్క ఆజ్ఞకే అనుమతి ఇవ్వవచ్చు.

3. విండోస్‌లో పవర్‌షెల్ 'జస్ట్ ఎనఫ్ అడ్మినిస్ట్రేషన్' పద్ధతిలో, జాబితాలోని ఆజ్ఞలు మాత్రమే నడుస్తాయి.

ఒక హెచ్చరిక: అనుమతించిన ఆజ్ఞ నడిపే ఫైలును ఆ ఖాతాయే మార్చగలిగితే, కట్టుబాటు ఉన్నా లేనట్లే.

2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లు రాన్సమ్‌వేర్ బారినపడ్డాయి. అటువంటిది పాల బిల్లు రోజున జరిగితే, ఆ డబ్బుతో దాణా కొనవలసిన రైతు గతి ఏమి? పరిమిత ఖాతా దాడిని ఆపకపోవచ్చు. నష్టం ఒక్క గదిని దాటకుండా చూడగలదు.

కావున పాలకవర్గ సమావేశంలో కార్యదర్శులు మూడు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి: మన లెక్క ఏ ఖాతాతో వెళ్తున్నది? ఆ ఖాతా ఇంకేమి చేయగలదు? పని మానివేసినవారి తాళం రద్దు చేశామా?