మోకాలు మానింది, ఆటగాడు లేవలేదు

సూర్యాపేటలో నలభై ఏళ్ళుగా వైద్యం చేస్తున్నాను. గురువారం కోదాడలోను, ఆదివారం మిర్యాలగూడలోను రోగులను చూస్తాను. తక్కిన రోజులు ఇక్కడే. ఈ మూడు పట్టణాల మధ్యనున్న పల్లెల నుండి నా వద్దకు వచ్చే యువకులలో కబడ్డీ ఆడేవారు చాలామంది. సంక్రాంతి పోటీలు ముగిసిన మరునాటి నుండి బెణికిన చీలమండలు, తప్పిన భుజాలు, వాచిన మోకాళ్ళు వరుస కడతాయి. ఈ ప్రాంతంలో ఆ ఆటకు ఎంత ఆదరణ ఉన్నదో 2021 మార్చి 22న అందరికీ తెలిసివచ్చింది. ఆనాడు సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు వచ్చిన జనంతో కిక్కిరిసిన గ్యాలరీ కూలి, నూరుమందికి పైగా గాయపడ్డారు.

విరిగిన ఎముకకు, తెగిన స్నాయువుకు ఏమి చేయవలెనో మనకు తెలుసు. ఆ గాయంతో పాటు మనిషి లోపల కూలిపోయిన దానిని నేను సకాలంలో గుర్తించలేకపోయిన ఒక సంగతిని పాఠకుల ముందుంచుతున్నాను. ఆ యువకుని అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పను.

మూడేళ్ళ క్రితం మిర్యాలగూడలో ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చింది. తండ్రి రైసుమిల్లులో హమాలీ. అబ్బాయికి ఇరవై ఐదేళ్ళు. కూతకు వెళితే ఇద్దరు ముగ్గురిని తాకి రావటం అతనికి అలవాటు. కోదాడ దగ్గర ఒక పోటీలో ప్రత్యర్థులు కాలు పట్టి పడవేసినపుడు మోకాటిలోని స్నాయువు తెగింది. హైదరాబాదులో శస్త్రచికిత్స జరిగి ఎనిమిది నెలలు గడిచాయి. నేను మోకాటిని వంచి చూశాను, నడిపించి చూశాను. కాలు చక్కగా కుదుటపడింది. కాని అతడు మైదానం వైపు వెళ్ళటం లేదు.

"రాత్రంత కండ్లు మూస్తలేడు సారూ. తెల్లారుజామున లేచి గోడ దిక్కు చూసుకుంట కూసుంటడు" అన్నది తల్లి.

వాతం ప్రకోపించిందని నిర్ణయించాను. మోకాటికి మహానారాయణ తైలం, రాత్రి పాలలో పెన్నేరుగడ్డ చూర్ణం, అరికాళ్ళకు నువ్వులనూనె మర్దన చెప్పి, "ధైర్యంగా ఉండు నాయనా, వయసులో ఉన్నవాడివి" అని భుజం తట్టి పంపాను. వైద్యుని నోట అత్యంత సులభంగా వచ్చే మాట అదే. రెండు నెలల పాటు అదే మందు, అదే మాట. చూర్ణం తాగాడు. ధైర్యం మాత్రం రాలేదు.

ఇంటికి వచ్చిన బంధువులూ తమకు తోచిన మందు వేశారు. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్‌ను చూసి నేర్చుకొమ్మన్నారు. 2017లో ఆమె భుజానికి గాయమైన మాట, 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయిన మాట వాస్తవమే. ఆ రెంటి నడుమ ఐదేళ్ళు ఉన్నాయన్న సంగతి ఎవరూ చెప్పలేదు. ఎనిమిది నెలలకే లేవలేదేమని నిలదీయటానికి ఆమె పేరును వాడుకున్నారు.

మూడవ నెలలో అతడు ఒక్కడే వచ్చాడు. నాడి చూస్తుండగా తల వంచుకొని, "ఈ మోకాలు మానకపోతేనే మంచిగుండు సారూ" అన్నాడు.

నా చేయి ఆగిపోయింది. కాలు నొప్పిగా ఉన్నంతకాలం ఆడకపోవటానికి అతనికి ఒక కారణం ఉండేది. కాలు బాగుపడి ఆ కారణాన్ని కూడ లాగివేసింది. ఇప్పుడు లోకం దృష్టిలో అతడు సోమరి, పిరికివాడు. అతని దృష్టిలోనూ అంతే. అప్పుడు అడిగాను, రెండు నెలల ముందే అడగవలసిన ప్రశ్న: "చచ్చిపోవాలని అనిపిస్తున్నదా బిడ్డా?" చాలాసేపటికి తల ఊపాడు.

అలా అడిగితే లేని ఆలోచనను మనమే పుట్టించినట్లవుతుందని చాలామంది భయపడతారు. నేనూ భయపడ్డాను. అది నిజం కాదు. అడిగినందువల్ల అతని భుజాలు కొంత దిగాయి. ఎన్నో నెలల తరువాత ఒక మనిషితో ఆ మాట పంచుకున్నాడు. ఆ సాయంత్రమే తల్లిదండ్రులకు కబురు చేశాను. అతనిని ఒంటరిగా ఉంచవద్దని, ఇంట్లోని పురుగుమందులు, మాత్రలు అన్నీ బయటికి తరలించమని చెప్పి, మరునాటి ఉదయం నేనే వెంట ఉండి హైదరాబాదులో ఒక మానసిక వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాను. గురుకులంలో చదువుకున్న వైద్యుడు రోగిని అల్లోపతి వైద్యుని గడపకు చేర్చటం చిన్నతనమని కొందరు మిత్రులు అన్నారు. తన చేతికి లొంగని వ్యాధిని పట్టుకొని కూర్చోవటమే అసలు చిన్నతనమని మా గురువుగారు నాకు ఏనాడో చెప్పి ఉన్నారు. ఆ రెండు నెలలు నేను మరచిన పాఠం అదే.

మందులు ఆరంభమైన తరువాత కూడ అతనికి ఒక అనుమానం పీడించేది. "మనసు మందులు మింగేటోడు ఆటగాడెట్లయితడు?" అనేవాడు. ఆ రోజులలో సిడ్నీలో ఉంటున్న మా మేనల్లుడు సెలవులకు సూర్యాపేట వచ్చాడు. నేను ఈ బెంగ చెప్పగా, అతడు తన చరవాణిలో ఒక ఆటగాని వీడియో చూపించి ఆ కథ చెప్పాడు. మరుసటి ఆదివారం అతనిని మిర్యాలగూడకు తీసుకొని వెళ్ళాను.

ఆ ఆట పేరు రగ్బీ లీగ్. ఒక్కొక్క పక్షంలో పదముగ్గురు, ఎనభై నిమిషాల ఆట. బంతిని చేతితో ముందుకు విసరరాదు. పట్టుకొని పరుగెత్తేవానిని ఎదుటివారు మీదపడి నేలకు కూలుస్తారు. ఆరుసార్లు అలా పడిన తరువాత బంతి ఎదుటి పక్షానిది. కబడ్డీ ఎరిగినవారికి ఇంతకు మించి వివరించనక్కరలేదు. మా అబ్బాయి వీడియో చూస్తూ రెండవ నిమిషానికే, "గిది మన పట్టే గద సారూ" అన్నాడు.

ఆ ఆటగాడు గ్రెగ్ ఇంగ్లిస్. ఆస్ట్రేలియాలోని కెంప్సీలో 1987లో పుట్టిన ఆదివాసీ సంతతివాడు. 2009లో ప్రపంచంలోని అత్యుత్తమ ఆటగానికి ఇచ్చే గోల్డెన్ బూట్ పొందాడు. 2014లో సౌత్ సిడ్నీ జట్టు ఛాంపియన్‌గా నిలిచినపుడు అందులో ఉన్నాడు. 2017 ఆట సంవత్సరం మొదలవుతూనే అతని మోకాటి స్నాయువు తెగింది. అదే గాయం! మా అబ్బాయి అక్కడ వీడియో ఆపమన్నాడు. ఆ ఏడాదే ఇంగ్లిస్ కుంగుబాటుకు చికిత్స కోసం వైద్యశాలలో చేరాడు. మరుసటి ఏడాది తిరిగి ఆడాడు. మోకాలూ మనసూ రెండూ గెలిచాయని లోకం అనుకొన్నది. 2019 ఏప్రిల్‌లో, ఆట సంవత్సరం ముగియకముందే విరమణ ప్రకటించి, తరువాత కొద్ది కాలానికే మళ్ళీ చికిత్సకు వెళ్ళాడు. అతనికున్నది వట్టి కుంగుబాటు కాదు, బైపోలార్ రెండవ రకమని అప్పుడు తేలింది.

ఈ పేరు గురించి పాఠకులు కొంత తెలుసుకోవలెను. ఈ వ్యాధిలో కొంతకాలం మనిషి లోతైన విషాదంలో మునుగుతాడు. మరికొంతకాలం నిద్ర తక్కువైనా అలసట ఎరుగని ఉత్సాహంతో, తొందరపాటు నిర్ణయాలతో గడుపుతాడు. రెండవ దశను ఇంటివారు ఆరోగ్యమని భ్రమిస్తారు. కుంగుబాటుకు మాత్రమే ఇచ్చే మందు ఇటువంటివారికి ఒక్కొక్కసారి వికటిస్తుంది. దిగులుగా ఉన్నాడని పక్కింటివారి మాత్ర తెచ్చి వేయటం, అంగడిలో దొరికే రసాయన లేహ్యం తినిపించటం ఎందుకు ప్రమాదమో దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఇంగ్లిస్ 2021లో ఇంగ్లండుకు వెళ్ళి వారింగ్టన్ జట్టులో చేరాడు. రెండేళ్ళ విరామం తరువాత ఆడిన మొదటి ఆటలోనే బంతిని గీత దాటించాడు. ఇక్కడే కథ ముగిస్తే సినిమా అయ్యేది. కొద్ది ఆటలకే తొడ కండరం దెబ్బతిని, ఆ ఏడాదే పూర్తిగా విరమించాడు. ఆడింది కొద్దిగానే కావచ్చు, కాని ఈసారి తన వ్యాధి పేరు తెలిసి, మందు వాడుతూ ఆడాడు. అంతకు ముందే, 2020లో, మానసిక ఆరోగ్యం గురించి బోధించటానికి గోవన్నా అకాడమీని స్థాపించాడు. ఇప్పుడు అతని ముఖ్యమైన పని అదే.

మన గ్రంథాలలో ఈ విషయం లేదా అని పాఠకులు అడుగవచ్చు. ఉన్నది. వాతం వల్ల కలిగే ఎనభై వికారాలను లెక్కించిన చోట చరకుడు నిద్రలేమిని, విషాదాన్ని, నిలకడలేని చిత్తాన్ని కూడ చేర్చాడు. రోగాన్ని పెంచే వాటిలో విషాదానిదే అగ్రస్థానమని మరొక చోట చెప్పాడు. మనస్సును అహితమైన వాటి నుండి మరల్చే సత్త్వావజయ చికిత్సను మూడు చికిత్సలలో ఒకటిగా నిలిపాడు. ఇవన్నీ నాకు కంఠస్థమే. రోగి ఎదురుగా కూర్చున్నపుడు శ్లోకం గుర్తుకు వచ్చింది, అతని ముఖం కనబడలేదు.

మానసిక వైద్యుడు మందులు, సంభాషణా చికిత్స చూసుకుంటే, నాకు మిగిలిన పని చిన్నది. పెన్నేరుగడ్డ చూర్ణం మాన్పించాను. నిద్రమందులతోను, థైరాయిడ్ మందులతోను దానిని వైద్యునికి చెప్పకుండా కలుపరాదు. గర్భిణులు అసలే వాడరాదు. రాత్రి అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన మాత్రం కొనసాగించాను. ఆ మర్దన తల్లి కాక తండ్రి చేయాలని షరతు పెట్టాను. నెలల తరబడి కొడుకుతో మాట్లాడని మనిషి రోజుకు పది నిమిషాలు అతని పాదాలు పట్టుకొని కూర్చున్నాడు. అందులో నూనె పని ఎంతో, తండ్రి చేతి పని ఎంతో నేను తేల్చి చెప్పలేను.

తెల్లవారుజామున మెలకువ వస్తే పక్కమీద దొర్లక లేచి కూర్చోమన్నాను. ఎప్పుడు నిద్రపట్టినా ఉదయం లేచే వేళ మాత్రం మార్చవద్దన్నాను. వ్యాయామం విషయంలో వాగ్భటుడు చెప్పిన అర్ధశక్తి నియమం పెట్టాను. నుదుట చెమట పట్టి, నోరు ఎండటం మొదలుకాగానే ఆపివేయాలి. సగం బలంతో ఆపటం ఆటగానికి కఠిన శిక్ష. మొదటి వారం రోజుకు రెండు ఫర్లాంగులు నడిచాడు. కాల్వగట్టు మీదనే నడిచాడు. మైదానం దారిలో వెళ్ళటానికి ఇంకా రెండు నెలలు పట్టింది.

ఇటువంటి మాట ఇంట్లో ఎవరి నోటనైనా వినబడితే నా వంటి వైద్యుని కోసం వారం రోజులు ఎదురుచూడవద్దు. ప్రభుత్వం 2022లో ఆరంభించిన టెలి మానస్ సంఖ్య 14416. రాత్రింబవళ్ళు ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మందు పనిచేస్తున్నట్లు తోచగానే మాన్పించే పొరపాటు కూడ చేయవద్దు. మా అబ్బాయి ఆరవ నెలలో తానే మానివేశాడు. మూడు వారాలలో పాత గోడ దగ్గరకే చేరాడు. మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టవలసి వచ్చింది.

నిరుటి సంక్రాంతికి వాళ్ళ ఊరి జట్టులో ఆడాడు. రెండుసార్లు కూతకు వెళ్ళి, ఒకసారి ఒకరిని తాకి వచ్చాడట. రెండవసారి పట్టుబడి బయట కూర్చుంటే, తోటివాడు పాయింటు తెచ్చి లోపలికి పిలిపించాడట. పెద్ద జట్లలో చోటు దొరికే వయసు దాటిందని అతనికి తెలుసు. సాయంత్రాలు పాఠశాల పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. రాత్రి మాత్ర ఇంకా వేసుకుంటున్నాడు. పోయిన ఆదివారం మిర్యాలగూడకు వచ్చాడు. పన్నెండేళ్ళ పిల్లవాని చీలమండ బెణికితే తైలం కోసం తీసుకొచ్చాడు. నేను కాలు చూస్తుంటే, "రాత్రి నిద్ర పడుతుందారా?" అని పిల్లవాణ్ణి నా కన్న ముందే తానే అడిగాడు.