గొడ్డలి – కామ

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్నది తెలుగువారి సామెత. పనికి తగిన పనిముట్టును ఎన్నుకోవలెననే నీతి అందులో ఉన్నది. ఆ నీతి గొడ్డలికి సైతం వర్తిస్తుంది. వంటచెరకు కొట్టేవాడు ఏ గొడ్డలి పట్టవలెననే ప్రశ్న అల్పంగా తోచవచ్చును. కాని అందులో పొరబడితే తెగేది కట్టె కాదు, కాలు.

ఆలంపూర్ సీమకు గొడ్డలి కొత్తది కాదు. కృష్ణా తుంగభద్రల నడిమి అంతర్వేదికి తూర్పు కొసన ఉన్న ఊరది. ఆ అంతర్వేదిలోనే పడమటనున్న మస్కి, పిక్లిహాల్‌లలో నవీన శిలాయుగపు మానవుడు నునుపుగా నూరుకొన్న రాతిగొడ్డళ్లు దొరికినవి. దక్షిణాపథపు బృహచ్ఛిలా సమాధులలో మృతుల ప్రక్కన ఇనుపగొడ్డళ్లు కూడ కనిపించినవి. పరలోకానికి సైతం వెంట పంపదగిన వస్తువుగా ఆనాటివారు దానిని భావించినారన్నమాట.

అయితే ఒకే గొడ్డలి అన్ని పనులకు తగదు. కొమ్మను అడ్డంగా నరకడం వేరు, మొద్దును నిలువున చీల్చడం వేరు. నరకడంలో కట్టె నారలను తెంపవలెను; అందుకు పలుచని, పదునైన వాదర కావలెను. చీల్చడంలో నారలను విడదీయవలెను. అందుకు బరువై, వాదర నుండి వెనుకకు పోనుపోను మందమయ్యే ఇనుము కావలెను. పలుచని గొడ్డలి మొద్దులో దిగి ఇరుక్కొంటుంది. మందపుది కొమ్మను తెంపక నలగగొడుతుంది. ఇంటిముంగిట మొద్దులు చీల్చేవానికి బరువు మేలు. అడవిలో క్రోసులు నడిచేవానికి తేలికదే మేలు. కృష్ణ దిగువను నల్లమలలో సంచరించిన చెంచుల జీవితాన్ని హైమెండార్ఫ్ 1943లో గ్రంథస్థం చేసినాడు. విల్లు, దుంపలు తవ్వే కర్ర, గొడ్డలి వంటి కొద్ది వస్తువులే వారి ఆస్తి. భుజాన మోయలేనిది వారికి పనిముట్టే కాదు.

కమ్మరి కొలిమిలో కాచి, నీట ముంచి వాదరకు పదును పెడతాడు. ఆ పదును మించితే ఎండిన తుమ్మమొద్దు తగిలి వాదర పెళుసుగా విరుగుతుంది. తగ్గితే మడత పడుతుంది.

కొనేవారు ఇనుము నిగనిగను చూస్తారు. ప్రాణం మాత్రం కామలో ఉన్నది. చిరుమాను వంటి చేవగల కట్టెను ఎన్నుకొని, దాని నారలు ఈ కొస నుండి ఆ కొసకు తెగకుండా సాగినవో లేదో చూడవలెను. ముడి ఉన్న కామ ఆ ముడి దగ్గరనే విరుగుతుంది. వదులైన కామను నీట నానబెడితే ఉబ్బి బిగుస్తుంది. ఎండగానే మరింత వదులవుతుంది. అది బిగింపు కాదు, మోసం. ఎత్తిన గొడ్డలి నుండి ఇనుము ఊడి ఎగిరితే ఎదుట నిలిచిన బిడ్డ ఏమి కావలెను? చీల కొట్టి బిగించడమే ఉపాయం. మరీ పొట్టి కామ మరొక అపాయం. దెబ్బ తప్పినపుడు పొడుగు కామ గొడ్డలి చాలవరకు నేలను తాకుతుంది. పొట్టిది కాలి మీదికి వస్తుంది. అందుకే చీల్చవలసిన దుంగను వెడల్పయిన మరొక మొద్దుపై నిలపవలెను.

గ్యాసుపొయ్యిలు వచ్చినా పల్లెలలో కట్టెలపొయ్యి ఇంకా ఆరలేదు. చెట్టును కొట్టే గొడ్డలికి కామనిచ్చినది చెట్టే. ఆ ఋణం మరువనివాడు పచ్చని చెట్టు జోలికి పోక ఎండినదానినే ఏరుకొంటాడు. చేతితో విరిగే పుల్ల మీదికి గొడ్డలి ఎత్తడు.