క్యాబిన్‌కి తాళం వేస్తే సరిపోదు, పైపులు కూడా ఖాళీ చెయ్యాలి!

అమెరికాలో చలి ఎక్కువుండే రాష్ట్రాల్లో మన తెలుగువాళ్లు కొందరు లేక్ పక్కనో, కొండ మీదో చిన్న క్యాబిన్ కొనుక్కుంటారు. ఎండాకాలమంతా వెళ్లొస్తారు. అక్టోబర్ రాగానే "క్యాబిన్ క్లోజ్ చేసొస్తాం" అని ఇంటిల్లిపాదీ బయల్దేరతారు. ఇక్కడ అమ్మానాన్నలకి డౌట్ వస్తుంది: తాళం వెయ్యడానికి ఇంతమంది, రెండు రోజులు ఎందుకురా?

మన ఊళ్లో అయితే గ్యాస్ కట్టేసి, మెయిన్ ఆఫ్ చేసి, తాళంచెవి పక్కింటివాళ్లకిస్తే అయిపోయింది. అక్కడ అసలు శత్రువు దొంగ కాదు, పైపుల్లో మిగిలిపోయిన నీళ్లు.

లాజిక్ సింపుల్. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. పైపులో ఒకచోట ఐస్ కట్టిందనుకోండి. ఆ ఐస్‌కీ, మూసి ఉన్న కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీళ్లకి ఎటూ దారుండదు. ప్రెషర్ పెరిగి పెరిగి పైపు పగులుతుంది. గడ్డకట్టి ఉన్నంతసేపు ఏమీ తెలీదు. ఐస్ కరిగాక మొదలవుతుంది వరద. లోపల మనిషి లేడు, వాల్వ్ తెరిచే ఉంది, నీళ్లు రోజుల తరబడి కారుతూనే ఉంటాయి. ఫ్లోర్, గోడలు అన్నీ పోతాయి. పైగా చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో ఒక కండిషన్ ఉంటుంది: ఖాళీ ఇంట్లో హీటింగ్ అయినా ఆన్‌లో ఉంచాలి, లేదా నీళ్లు ఆపి పైపులు ఖాళీ అయినా చెయ్యాలి. రెండూ చెయ్యకపోతే క్లెయిమ్ రాకపోవచ్చు.

మా అక్కావాళ్ల క్యాబిన్ న్యూ హాంప్‌షైర్‌లో ఉంది. అక్టోబర్ రెండో సోమవారం సెలవు కాబట్టి ఆ వీకెండ్ క్లోజ్ చేస్తారు. మా బావ ఫాలో అయ్యే ఆర్డర్ ఇది. సర్వర్ షట్‌డౌన్‌లాగే ఇక్కడ కూడా ఆర్డర్ ముఖ్యం.

ముందు వాటర్ హీటర్‌కి కరెంట్ ఆపాలి. నీళ్లు లేని ట్యాంకులో ఎలిమెంట్ ఆన్‌లో ఉంటే కాలిపోతుంది. తర్వాత బోరు మోటార్ ఆఫ్, మెయిన్ వాల్వ్ క్లోజ్. అప్పుడు ఇంట్లో కుళాయిలన్నీ తెరవాలి. ఈ డ్యూటీ పిల్లలది, పోటీపడి మరీ చేస్తారు. హీటర్‌లో నీళ్లు చల్లారాక ట్యాంక్ ఖాళీ చెయ్యాలి. పైపుల్లో మిగిలినవాటిని ఎయిర్ కంప్రెసర్‌తో ఊదెయ్యాలి.

అయినా సింక్ కింద వంపు పైపులో కొన్ని నీళ్లు ఉండిపోతాయి. మురుగు వాసన పైకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. అందుకే అందులో పింక్ రంగు యాంటీఫ్రీజ్ పోస్తారు. కార్లో పోసేది పొయ్యకూడదు, అందులో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. ఇళ్ల పైపుల కోసం ప్రొపిలీన్ గ్లైకాల్‌ది వేరే దొరుకుతుంది.

వంటింటి సెక్షన్ అత్తయ్యగారిది, అంటే బావ వాళ్ల అమ్మగారు. బియ్యం, పప్పులు ఏవీ ఉంచరు, ఎలుకలు వస్తాయి. కూల్ డ్రింక్ క్యాన్లు కూడా ఉంచరు, గడ్డకట్టి పగులుతాయి. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, ప్లగ్ తీసి, తలుపు కొంచెం తెరిచి పెడతారు. మూసేస్తే లోపల బూజు పడుతుంది.

పనంతా అయ్యేసరికి వంటిల్లు ఖాళీ, కడుపూ ఖాళీ. అందుకే తిరుగు దారిలో డైనర్!

డైనర్ అంటే మామూలు హోటల్ కాదు, దానికో హిస్టరీ ఉంది. 1872లో రోడ్ ఐలాండ్‌లోని ప్రావిడెన్స్‌లో వాల్టర్ స్కాట్ అనే ఆయన గుర్రబ్బండి మీద రాత్రిపూట తిండి అమ్మడం మొదలుపెట్టాడు. మన మిడ్‌నైట్ టిఫిన్ బండి టైపు. తర్వాత వీటిని ఫ్యాక్టరీల్లోనే కట్టి, తెచ్చి రోడ్డు పక్కన దించేవాళ్లు. మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో ఒక కంపెనీ 1906 నుంచి 1957 వరకు 600కి పైగా డైనర్లు తయారుచేసింది. సన్నగా, పొడుగ్గా రైలు పెట్టెలా ఉండేది అందుకే: అలా ఉంటేనే మోసుకెళ్లడం కుదురుతుంది. మెరిసే స్టీలు, నియాన్ లైట్లు, జ్యూక్‌బాక్స్ పెట్టి 1950ల లుక్‌తో ఈమధ్య కట్టినవి రెట్రో డైనర్లు.

వెజిటేరియన్ పెద్దవాళ్లని తీసుకెళ్తే ఒక మాట. గుడ్లు, బేకన్, బంగాళాదుంపలు తరచుగా ఒకే పెనం మీద వేస్తారు. మెనూలో వెజ్‌లా కనిపించినా ఆర్డర్‌కి ముందే అడగండి. అత్తయ్యగారు పెనం ఎక్కని బ్రెడ్ టోస్ట్, పళ్లు, కాఫీ తీసుకుంటారు. చాలా డైనర్లలో కాఫీ కప్పు ఖాళీ అవగానే మళ్లీ నింపుతారు, దానికి ఎక్స్‌ట్రా బిల్లు ఉండదు. ఆవిడకి అమెరికాలో బాగా నచ్చిన విషయం అదేనట!

సో ఫ్రెండ్స్, మీవాళ్లెవరికైనా ఇలాంటి క్యాబిన్ ఉంటే "హీటర్ స్విచ్ ముందు ఆపారా?" అని ఒక్క ఫోన్ కొట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!