భ్రాంతిని పుట్టించే మత్తుపదార్థాలు - మెదడుపై వాటి ప్రభావం

లేనిదానిని ఉన్నట్లు చూపడం, ఉన్నదానిని మరొక రూపంలో కనబరచడం కొన్ని మత్తుపదార్థాల ప్రత్యేక లక్షణం. సారాయి, నల్లమందు ముఖ్యంగా మెదడును మందగింపజేస్తాయి. భ్రాంతిజనకాలు మాత్రం మెదడుకు అందే సాక్ష్యాన్నే తారుమారు చేస్తాయి. అయితే ఇవన్నీ ఒకే మార్గాన పనిచేయవు.

మెదడులోని నాడీకణాలు రసాయనాల ద్వారా పరస్పరం వార్తలు పంపుకుంటాయి. ఆ రసాయనం తాళంచెవి అయితే, దానిని అందుకునే గ్రాహకం తాళం వంటిది.

ఎల్.ఎస్.డి., కొన్ని పుట్టగొడుగులలోని సైలోసిబిన్, పెయోటి అనే ముళ్లులేని చిన్న జెముడులోని మెస్కలిన్ మొదటి తరగతికి చెందినవి. ఇవి సెరటోనిన్ తాళాలలో మారుచెవులవలె దూరుతాయి. రంగులు, ధ్వనులు, కాలగమనం వికృతంగా తోస్తాయి. స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్.ఎస్.డి.ని తయారుచేశాడు. 1943 ఏప్రిల్ 19న గ్రాములో 4,000వ వంతు మాత్రమే సేవించి, మతి తప్పుతున్నదేమోనని భయకంపితుడయ్యాడు.

రెండవ తరగతి ఫెన్‌సైక్లిడిన్, కెటమిన్. ఇవి గ్లుటమేట్ అనే రసాయనపు వార్తలను అడ్డుకుంటాయి. మనిషికి తన శరీరం తనది కాదనిపిస్తుంది. గాయమైనా నొప్పి తెలియదు. శస్త్రచికిత్సలో స్పృహ తప్పించడానికి కెటమిన్‌ను వైద్యులు నేటికీ వాడుతున్నారు.

మూడవది మన పల్లెల్లో దారిపక్కన పెరిగే ఉమ్మెత్త. దీనిలోని ఎట్రోపిన్, స్కోపొలమిన్ అసిటైల్‌కోలిన్ పనిని నిరోధిస్తాయి. మొదటి తరగతిలో తాను చూస్తున్నది భ్రమేనన్న ఎరుక చాలామందికి మిగులుతుంది. ఉమ్మెత్త ఆ ఎరుకనే హరిస్తుంది. మనిషి ఎదుట లేనివారితో మాట్లాడతాడు. నోరెండిపోతుంది, ఒళ్లు కాలిపోతుంది, గుండె వేగం పెరుగుతుంది. విషం పాలు మొక్కకూ మొక్కకూ మారుతుంది గనుక "ఆకుమందే కదా" అనుకోవడం ప్రాణాంతకం. తిన్నవారిని క్షణమైనా ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి.

షరీఅత్ పరిరక్షించే అయిదు విషయాలలో ధర్మం, ప్రాణం, సంతతి, సంపదలతోపాటు బుద్ధిని కూడా ఇమామ్ గజాలీ (మరణం 1111) పేర్కొన్నారు. బుద్ధి ఉన్నవానికే బాధ్యత ఉన్నది. రోగి మేలుకోరి వైద్యుడు కొలిచి ఇచ్చే మందు వేరు; వినోదం కోసం ఆ బుద్ధినే పణంగా పెట్టడం వేరు. మార్గాలు మూడైనా, ఈ పదార్థాలు దెబ్బతీసేది నిజానిజాలను వేరుచేసే ఆ శక్తినే.