ప్రదర్శన ఎవరిది? - కొల్లేటి సీమలో చిత్రమూ ప్రేక్షకుడూ

ప్రదర్శన అన్న మాటకు మన భాషలో మూడు వాడుకలున్నాయి. గోడకు బొమ్మలు తగిలించి చూపితే చిత్ర ప్రదర్శన. వేదిక మీద ఆడి చూపితే నాటక ప్రదర్శన. కోర్కెలు రాసిన అట్టలు పట్టుకొని కచేరీ దాకా నడిస్తే అదీ ప్రదర్శనే. మూడింటికీ ఒకే మాట కుదరడం యాదృచ్ఛికం కావచ్చు. కాని మూడింటిలోనూ చూపేవారు, చూసేవారు, చూపబడేది అనే మూడు పక్షాలున్నాయి. ఈ మూడు పక్షాల మధ్య ఉన్న సంబంధం ఎటువంటిదో తేల్చుకోకుండా కళాప్రదర్శనను గురించి విమర్శ రాయడం సాధ్యం కాదు. మన పత్రికల్లో చిత్రప్రదర్శనల మీద వచ్చే సమీక్షలు చాలావరకు రంగుల పొందిక దగ్గర మొదలై, రేఖల సొగసు దగ్గర ముగుస్తాయి. ఆ బొమ్మ ఎవరిది, ఎవరు చూశారు, ఎవరు చూడలేకపోయారు అన్న ప్రశ్న వాటిలో కనిపించదు.

ఈ ప్రశ్నను మహానగరం నుంచి గాక కైకలూరు నుంచి వేసుకుంటే విషయం తేటపడుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేటి ఒడ్డున ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. ఇక్కడ కళాప్రదర్శన కోసం తెల్లగోడల గదిని వెతకనక్కరలేదు. ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్ళకు వెళ్తే చాలు. చుట్టుపక్కల లంక గ్రామాల జనం అక్కడికి చేరుతారు. బొమ్మల కొట్లు, రంగుదీపాల తోరణాలు, రాత్రిళ్ళు వేదిక మీద ఆటపాటలు - ఇదంతా ఆ జనానికి సంవత్సరానికొకసారి తెరుచుకొనే కళాశాల. చూడటానికి టిక్కెట్టు లేదు. నచ్చకపోతే లేచిపోయే స్వేచ్ఛ ఉంది.

అయితే తిరునాళ్ళకు మనం లేనిపోని పవిత్రత అంటగట్టరాదు. ఏ ఊరి తిరునాళ్ళలోనైనా చందా ఎక్కువ ఇచ్చినవాడి బొమ్మ తోరణం మీద పెద్దదిగా ఉంటుంది. ముందు వరుస కుర్చీలు ఎవరివో ఊరందరికీ తెలుసు. భూస్వామ్య వ్యవస్థ ఇచ్చిన మర్యాదల క్రమం మీద కొత్త డబ్బు తన పేరు రాసుకుంటున్నది. అయినా ఒక్క విషయం గమనించాలి. అక్కడ చూసేవారు తమ ఇష్టాయిష్టాలను అక్కడికక్కడే చెప్పగలరు. పద్యం బాగుంటే మళ్ళీ పాడమంటారు, బాగులేకపోతే కేకలు వేస్తారు. చిత్రప్రదర్శనశాల ఈ హక్కును ప్రేక్షకుడి నుంచి ఎలా తీసివేసిందో చూద్దాం.

ఆధునిక ప్రదర్శనశాల వెనుక సరుకుల ప్రదర్శన చరిత్ర ఉంది. 1851లో లండన్ నగరంలో మహాప్రదర్శన జరిగింది. ప్రపంచంలోని వస్తువులన్నిటినీ ఒక గాజుభవనంలో పేర్చి చూపిన ఆ సంతకు మన ఏలూరు తివాచీ కూడా వెళ్ళింది. ఏలూరులో తివాచీ నేత చాలావరకు ముస్లిం కుటుంబాల చేతిలో పెరిగిన విద్య. పర్షియా నుంచి వచ్చిన పనివారితో అది ఇక్కడికి చేరిందని చెబుతారు. లండన్‌కు తివాచీ వెళ్ళింది గాని, నేసినవారు వెళ్ళలేదు. చూసినవారికి అది ఒక నమూనా, ధర కట్టదగిన సరుకు. దాని ఫలితం ఏమిటో మనవారు చెప్పనక్కరలేదు, ఇంగ్లీషువారే చెప్పారు. భారతీయ చేతిపనుల మీద 1880లో పుస్తకం ప్రచురించిన జార్జి బర్డ్‌వుడ్, ఒకనాడు ఎంతో మేలైనవిగా ఉన్న బందరు తివాచీలు ఇంగ్లీషు గిరాకీ వల్లనే చెడిపోయాయని రాశాడు. చౌకగా కావాలన్న వర్తకుడు నూలునూ రంగునూ నిర్ణయించాడు. చేసే చేతికి చూసే కంటితో ఉన్న సంబంధం తెగింది, మధ్యలో మార్కెట్టు నిలబడింది. ప్రదర్శన వల్ల కళకు కీర్తి వస్తుందన్న మాట సగమే నిజమని ఈ చరిత్ర చెబుతున్నది.

జాతీయోద్యమం ఈ తెగిన సంబంధాన్ని అతకడానికి ప్రయత్నించింది. 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. వంగదేశం నుంచి వచ్చిన ప్రమోద కుమార ఛటర్జీ అక్కడ చిత్రకళ నేర్పాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. రాజమండ్రిలో దామెర్ల రామారావు 1925లో, ముప్పయ్యేళ్ళయినా నిండకుండా చనిపోయేనాటికే ఆంధ్రదేశపు మనుషులనూ పరిసరాలనూ కొత్త కంటితో చూపాడు. ఆయన పేరిట రాజమండ్రిలో చిత్రశాల వెలిసింది. వీరంతా తెలుగువారికి 'మన చిత్రం' అన్న భావాన్ని ఇచ్చారు. అది తక్కువ పని కాదు. అయితే ఆ చిత్రాల ముందు నిలబడినవారు ఎక్కువగా చదువుకున్న మధ్యతరగతివారు. పొలంలో వంగిన స్త్రీ చిత్రంలోకి వచ్చింది గాని చిత్రశాలలోకి రాలేదు.

ఆ గడపను దాటినది 1943 తరువాతి ఉద్యమం. అదే సంవత్సరం అభ్యుదయ రచయితల సంఘం తెనాలిలో పుట్టింది, ప్రజానాట్యమండలి రూపుదిద్దుకున్నది. అదే సంవత్సరం వంగదేశపు కరువులో చిత్తప్రసాద్ ఊరూరా తిరిగి, ఆకలితో చనిపోతున్నవారిని నల్లసిరాతో గీశాడు. ఆ పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టి నాశనం చేయించింది. బొమ్మకు భయపడటమంటే, ఆ బొమ్మ చూడవలసినవారిని చేరగలదని పాలకులు గ్రహించారన్నమాట. ఇక్కడ గరికపాటి రాజారావు నాటకాన్ని, షేక్ నాజర్ బుర్రకథను పల్లెల్లోకి తీసుకువెళ్ళారు. ప్రేక్షకుడు ప్రదర్శన దగ్గరకు రావడం గాక, ప్రదర్శనే ప్రేక్షకుడి దగ్గరకు పోవడం అప్పుడు పద్ధతి అయింది. అయితే పాటకూ ఆటకూ దొరికిన ఈ దారి మన చిత్రకళకు అంతగా దొరకలేదు. బుర్రకథ ఊరు చేరినంత సులువుగా బొమ్మ ఊరు చేరలేదు. ఈ లోటును మనం ఆత్మవిమర్శగా ఒప్పుకోవాలి.

ఇక నేటి సంగతి. ఈనాడు కొల్లేరు చిత్రంగా బయటి ప్రపంచానికి ఎలా తెలుసు? కైకలూరు పక్కనున్న ఆటపాకలో చెట్లమీద వాలిన గూడబాతులుగా, సాయంసంధ్యలో ఎర్రబడిన నీటిగా తెలుసు. ఛాయాచిత్రాల్లో, పర్యాటక ప్రకటనల్లో కనిపించే కొల్లేరు ఇదే. ఇది అబద్ధం కాదు. పక్షి ఉంది, నీరు ఉంది. కాని ఆ చట్రానికి అవతల ఒక చరిత్ర ఉంది.

1970లలో ప్రభుత్వమే జాలరుల సహకార సంఘాలకు సరస్సులో చేపల చెరువులు తవ్వుకొనే వీలు కల్పించింది. తరువాత పెట్టుబడి ఉన్నవారు ప్రవేశించారు. సంఘం పేరు జాలరిది, లాభం కౌలుదారుది అన్న పరిస్థితి అనేక చోట్ల ఏర్పడింది. 1999లో అయిదో కాంటూరు వరకు ఉన్న ప్రాంతాన్ని, సుమారు 308 చదరపు కిలోమీటర్లను, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రాంసర్ జాబితాకెక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చెరువుగట్లను తెగగొట్టారు. సరస్సు ఊపిరి పీల్చుకోవడానికి అది అవసరమే. కాని పెద్ద కౌలుదారుకు పోయినది పెట్టుబడి, వడ్డి కులపు జాలరికీ గట్టుమీద కూలికీ పోయినది బ్రతుకు. ఈ రెండు నష్టాలూ ఒకటి కావు.

ఇప్పుడు ఆ గూడబాతు చిత్రాన్ని మళ్ళీ చూడండి. అందులో తాటిదోనె ఉంటే అందం కోసం ఉంటుంది. దాన్ని నడిపే మనిషి నీడగా ఉంటాడు. నీడకు ముఖం ఉండదు, ముఖం లేనివాడు మాట్లాడడు. ప్రకృతి అందాన్ని చిత్రించడం తప్పని ఎవరూ అనరు. కాని నీటి మీద హక్కు ఎవరిదన్న తగాదా నడుస్తున్న చోట, మనిషిని తుడిచివేసిన నీటి బొమ్మ ఏ పక్షమూ వహించలేదనుకోవడం అమాయకత్వం. అలాగే జాలరి దైన్యాన్ని పెద్దదిచేసి నగరపు గోడకు తగిలించినంత మాత్రాన అభ్యుదయ చిత్రమూ కాదు. లండన్‌లో తివాచీ ఎలాగో, నగరంలో ఆ దైన్యం అలాగే ఒక నమూనా అవుతుంది.

దీనికి దారి లేదా? నగరాల్లో కొన్ని ప్రయత్నాలు జరిగాయి. 2012లో మొదలైన కొచ్చి-ముజిరిస్ బినాలే రేవులోని పాత గిడ్డంగులను చిత్రశాలలుగా మార్చింది. 2016లో హైదరాబాదులోని ఎం.ఎస్. మక్తా బస్తీలో ఇళ్ళ గోడల మీదనే పెద్ద పెద్ద చిత్రాలు వేశారు. బొమ్మను గది నుంచి వీధిలోకి తేవడం ముందడుగే. పనికి పోయే మనిషి రోజూ దాని ముందునుంచే నడుస్తాడు. కాని గోడ బస్తీవాడిదైనంత మాత్రాన బొమ్మ అతనిది కాదు. ఏమి గీయాలో చెప్పడంలో అతనికి పాలు ఉన్నదా అన్నదే అసలు కొలత.

కనుక విమర్శకుడు ఏ ప్రదర్శన ముందైనా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఖర్చు ఎవరిది? చిత్రంలో ఉన్నవారు దాన్ని చూశారా? బొమ్మ కింద రాసిన మాట వారి భాషలో ఉన్నదా? వారు కాదన్న మాటకు అక్కడ చోటు ఉన్నదా? రూపాన్ని గురించిన చర్చను ఇవి మింగివేయవు, దానికి నేలనిస్తాయి. తిరునాళ్ళ ప్రేక్షకుడు బాగులేదని కేక వేసినట్టే, చిత్రాన్ని చూసిన జాలరి 'మా మావు ఇలా ఉండదు, నీరు ఇటు పారదు' అని అంటే, ఆ మాట చిత్రకారుడి రేఖనే సరిదిద్దుతుంది.

కొల్లేటి మీద తీసిన చిత్రాలను ముందు కొల్లేటికోట తిరునాళ్ళలో, కైకలూరు బడిగోడల మీద, చేపల సంతలో పెట్టి, చూసినవారి మాటలను రాసుకొని, ఆ మాటలతో కలిపి నగరానికి తీసుకువెళ్ళడం అసాధ్యమైన పనేమీ కాదు. కావలసినవి నాలుగు తాళ్ళు, కొన్ని అట్టలు, వినే ఓపిక. చిత్రకారులను ఆ ఒడ్డుకు పిలవడం, అక్కడి మాటను రాసి పత్రికలకెక్కించడం రచయితలు చేయగల పని. 1943లో పాటతో మొదలుపెట్టిన ఆ పని బొమ్మ విషయంలో మనకింకా బాకీ ఉంది.