పాతిక వేలతో సరిపెట్టేస్తారా?

కోకాపేట టవర్ల మీద నుంచి ఎవరో ఒకరు పడ్డారని వింటూనే ఉంటాం. ఆస్పత్రి ఖర్చు, చేతిలో ఓ పాతిక వేలు, తెల్లకాగితం మీద వేలిముద్ర... సెటిల్ అయిపోయిందంటారు. అసలు లెక్కేంటో చూద్దామని కోడ్ తెరిచా. మేం రాసే కోడ్ కాదు, 2020 సామాజిక భద్రతా కోడ్. 1923 నాటి పరిహార చట్టంలోని సూత్రమే ఇందులోనూ ఉంది.

నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఇచ్చిన ఫ్యాక్టర్‌తో గుణించాలి. 30 ఏళ్లకి అది 207.98. జీతం 15,000 అనుకోండి, ఇక జన్మలో ఏ పనీ చేయలేని పరిస్థితి వస్తే 18,71,820 రూపాయలు. చనిపోతే 50 శాతం లెక్కన 15,59,850. పాతిక వేలెక్కడ, ఇదెక్కడ!

'హెల్మెట్ పెట్టుకోలేదు' అంటారా? ప్రాణం పోయినప్పుడు, శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైనప్పుడు ఆ సాకు చెల్లదు. 'మా మనిషి కాదు, మేస్త్రీ తెచ్చాడు' అన్నా కుదరదు, పని చేయించుకున్న అసలు కంపెనీనే అడగొచ్చు. హక్కు వదులుకున్నానని రాయించుకున్న కాగితమూ చెల్లదు. నెలలోగా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ కలుస్తుంది.

చిక్కంతా రుజువులతోనే. జీతం స్లిప్పులు ఎవరిస్తారు? అందుకే ఫోన్‌పేలో మేస్త్రీ వేసిన కూలీ స్క్రీన్‌షాట్లు, సైట్‌లో దిగిన ఫొటోలు దాచుకోవాలి. ఆస్పత్రి చీటీలో ఉత్తినే 'జారిపడ్డాడు' అని కాదు, ఏ సైట్‌లో, ఏ పని చేస్తూ పడ్డాడో రాయించాలి. అవి పట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లండి.