అనానిమస్ సర్వే అంటే నిజంగా మనమెవరో తెలియదా? మెడికల్ కాలేజీ గూగుల్ ఫామ్ గురించి కొన్ని విషయాలు

ఈరోజు ఎపిసోడ్‌కి కారణం మా పిన్ని కూతురు. ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతోంది. మొన్న రాత్రి వాట్సాప్‌లో ఒక గూగుల్ ఫామ్ లింక్ పంపించి, "అన్నా, ఇందులో నిజం రాస్తే మాకేమైనా అవుతుందా?" అని అడిగింది. వైద్య విద్యార్థుల్లో ఒత్తిడి, డిప్రెషన్ గురించిన సర్వే అది. పై లైన్‌లోనే "ఈ సర్వే పూర్తిగా అనానిమస్" అని ఉంది. కానీ లింక్ క్లాస్ గ్రూప్‌లో పెట్టింది ఇంటర్నల్ మార్కులు వేసే సారే.

నేను "పేరు అడగలేదు కదా, రాసెయ్" అనబోయాను. ఈలోపు తనే ఇంకో మాట చెప్పింది. "నా సంగతి సరే అన్నా. మా రూమ్‌మేట్ అన్నిటికీ సున్నా పెట్టి సబ్మిట్ కొట్టేసింది. తను రోజూ రాత్రి ఏడుస్తుంది." ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నానండి.

ఆ ఒక్క సున్నాతో రెండు నష్టాలు జరిగాయి. పరిశోధనకి తప్పు డేటా వెళ్లింది. ఆ అమ్మాయికి సాయం అందే దారి ఒకటి మూసుకుపోయింది. అందుకే ఈ అనానిమస్ ఆన్‌లైన్ సర్వేలు ఎలా పనిచేస్తాయి, ఎక్కడ లీక్ అవుతాయి, వాటి ఫలితాల్ని ఎంతవరకు నమ్మాలి అనేది ఈరోజు మాట్లాడుకుందాం.

ముందు రెండు మాటలు విడదీద్దాం. "గోప్యం" అంటే మీరెవరో నాకు తెలుసు, కానీ ఎవరికీ చెప్పను అని. "అజ్ఞాతం" అంటే మీరెవరో నాకే తెలియదు, కావాలన్నా కనుక్కోలేను అని. మొదటిది మనిషి ఇచ్చే మాట. రెండోది ఫామ్‌ని కట్టిన తీరు. చాలా సర్వేల్లో రెండోది రాసి మొదటిదే ఇస్తారు. మోసం చేయాలని కాదు, తేడా ఆలోచించక.

గూగుల్ ఫామ్‌లో టెక్నికల్‌గా ఏం జరుగుతుందో చూద్దాం. ఈమెయిల్ సేకరించే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మీ మెయిల్ నేరుగా షీట్‌లోకి వెళ్తుంది. అది ఆఫ్‌లో ఉంటే వెళ్లదు. లాగిన్ అయి ఉంటే ఫామ్ పైన మీ మెయిల్ పక్కన "నాట్ షేర్డ్" అని కనిపిస్తుంది. ఒక్కరు ఒక్కసారే నింపాలి అనే సెట్టింగ్ పెడితే లాగిన్ తప్పనిసరి అవుతుంది. అప్పుడు కూడా మెయిల్ సేకరణ ఆఫ్‌లో ఉంటే సార్‌కి మీ మెయిల్ కనిపించదు. కానీ లాగిన్ అడగగానే సగం మంది భయపడి వెనక్కి వెళ్లిపోతారు, లేదంటే మంచి పిల్లల్లా జవాబులు రాస్తారు. ఫామ్ పెట్టినవాళ్లకి ఐపీ అడ్రస్ కనిపించదు. టైమ్ మాత్రం కనిపిస్తుంది. రాత్రి 11:42కి గ్రూప్‌లో "డన్ సార్" అని మెసేజ్ పెట్టి, 11:41కి ఫామ్ సబ్మిట్ చేస్తే ఇంకేం మిగిలింది?

అసలు లీక్ ఇంకో చోట ఉంది. ఆ ఫామ్‌లో పేరు లేదు, నిజమే. కానీ వయసు, ఆడా మగా, ఏ సంవత్సరం, హాస్టలా డే స్కాలరా, సొంత జిల్లా, ఇంటర్ ఏ మీడియం అన్నీ ఉన్నాయి. 150 మంది బ్యాచ్ అనుకోండి. అమ్మాయిలు 80. వాళ్లలో డే స్కాలర్లు 15. ఆ పదిహేను మందిలో సొంత జిల్లా శ్రీకాకుళం అయినవాళ్లు? ఒక్కరే ఉండొచ్చు. ఇక పేరు రాయకపోతే ఏంటి, రాస్తే ఏంటి?

ఇది నా ఊహ మాత్రమే కాదు. లటాన్యా స్వీనీ అనే కంప్యూటర్ సైంటిస్ట్ 2000లో లెక్క కట్టి చూపించారు. పుట్టినతేదీ, ఆడా మగా, పిన్ కోడ్ లాంటి అయిదంకెల జిప్ కోడ్, ఈ మూడూ తెలిస్తే చాలు, అమెరికా జనాభాలో దాదాపు 87 శాతం మందిని విడివిడిగా గుర్తించొచ్చని. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేటప్పుడు మా టీమ్‌లో ఆరుగురం. కంపెనీ "అనానిమస్" సర్వేలో టీమ్ పేరు, అనుభవం ఎన్నేళ్లు అని అడిగారు. మేనేజర్ గురించి నేను రాసిన వాక్యం రెండు వారాల తర్వాత మీటింగ్‌లో నా వైపు చూస్తూనే చదివారు. ఆ తర్వాత నేనూ అన్నిటికీ "చాలా బాగుంది" అనే పెట్టాను. ఆ రూమ్‌మేట్ చేసింది కూడా అదే కదా.

మరి సర్వే మొత్తం దొరికిపోయేదే అయితే నిజం ఎలా బయటికి వస్తుంది? దీనికి 1965లోనే స్టాన్లీ వార్నర్ అనే ఆయన ఒక ఉపాయం చెప్పారు. జవాబుకే కొంత గందరగోళం కలపడం. ఇప్పుడు వాడే సులువైన రూపం చెబుతాను. "పరీక్షలో ఎప్పుడైనా కాపీ కొట్టారా?" అనేది ప్రశ్న. జవాబిచ్చే ముందు ఎవరూ చూడకుండా నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే నిజంతో పని లేకుండా "అవును" అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. 200 మందిలో సుమారు 100 మందికి బొమ్మ పడుతుంది, వాళ్లంతా "అవును" అంటారు. మొత్తం 120 "అవును"లు వచ్చాయనుకోండి. 100 తీసేస్తే 20. అంటే బొరుసు పడిన వందలో 20 మంది, సుమారు 20 శాతం. మీ "అవును" చూసి మిమ్మల్ని ఎవరూ పట్టుకోలేరు, కానీ మొత్తం లెక్క తేలుతుంది. ఖర్చు ఒకటుంది. ఇంత గందరగోళం కలిపాక లెక్క కచ్చితంగా రావాలంటే ఎక్కువ మంది కావాలి.

ఇప్పుడు అవతలి వైపు చూద్దాం. ఎవరు నింపారో తెలియకపోవడం పరిశోధకుడికి కూడా తలనొప్పే. ఒకే మనిషి మూడుసార్లు నింపొచ్చు. సరదాకి నింపేవాళ్లుంటారు. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ ఎవరైనా చేరగలిగే ఆన్‌లైన్ సర్వే ప్యానెల్స్‌ని పరీక్షించడానికి, "అణు జలాంతర్గామి నడిపే లైసెన్స్ మీకుందా?" అని అడిగింది. 30 ఏళ్లలోపు వాళ్లలో 12 శాతం మంది ఉందన్నారు! నవ్వొస్తుంది గానీ, అదే సర్వేలో మందుల గురించి అడిగి ఉంటే ఆ జవాబులు కూడా ఇలాగే వచ్చేవి.

"ఎక్కువ మంది నింపితే తప్పులు సర్దుకుంటాయి కదా" అని చాలామంది అంటారు. సర్దుకోవు. 2021లో అమెరికాలో కోవిడ్ టీకా గురించి ఫేస్‌బుక్ ద్వారా చేసిన సర్వేకి వారానికి సుమారు రెండున్నర లక్షల మంది జవాబిచ్చారు. అయినా ఆ మే నెలలో టీకా వేసుకున్నవాళ్ల శాతాన్ని అసలు కన్నా 17 పాయింట్లు ఎక్కువ చూపించింది. అదే సమయంలో వెయ్యి మందితో జాగ్రత్తగా ఎంపిక చేసి చేసిన ఇంకో సర్వే అసలు లెక్కకి దగ్గరగా వచ్చింది. పులుసులో ఉప్పు చూడాలంటే ఒక గరిట చాలు, కాకపోతే ముందు బాగా కలపాలి. కలపకుండా పైన తేలిందే గిన్నెడు తాగినా రుచి తెలియదు.

ఇది మన దేశపు లెక్కకి పెట్టి చూద్దాం. 2024లో నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద ఆన్‌లైన్ సర్వే చేసింది. 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు, 5,337 మంది పీజీలు, 7,035 మంది అధ్యాపకులు జవాబిచ్చారు. ఎంబీబీఎస్ వాళ్లలో 16.2 శాతం, పీజీల్లో సుమారు 31 శాతం మంది తమకి హాని చేసుకోవాలనో, చనిపోవాలనో ఆలోచనలు వచ్చాయని చెప్పారు.

దీన్ని "దేశంలో ప్రతి ఆరుగురు ఎంబీబీఎస్ విద్యార్థుల్లో ఒకరు" అని చదవొచ్చా? చదవకూడదు. ఇష్టపడి నింపినవాళ్ల లెక్క ఇది. బాధలో ఉన్నవాళ్లు ఎక్కువగా నింపి ఉండొచ్చు. లేదా మన రూమ్‌మేట్‌లా భయపడి సున్నాలు పెట్టినవాళ్లూ ఉండొచ్చు. లెక్క ఎటు జరిగిందో ఫామ్ చెప్పదు. అలాగని "ఆన్‌లైన్ సర్వేనే కదా" అని పక్కన పడేయొచ్చా? అదీ కుదరదు. 25,590లో 16.2 శాతం అంటే నాలుగు వేల మందికి పైనే. శాతం అటూ ఇటూ అయినా, అంతమంది ఆ మాట టైప్ చేశారు.

అసలు కష్టమైన ప్రశ్న ఇక్కడుంది. డిప్రెషన్ సర్వేల్లో ఎక్కువగా వాడేది పీహెచ్‌క్యూ-9. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండు అనో, హాని చేసుకోవాలనో అనిపించిందా అని అడుగుతుంది. ఒక విద్యార్థి దానికి 3 పెట్టాడు. ఫామ్ నిజంగా అజ్ఞాతం. అంటే ఆ 3 పెట్టింది ఎవరో మీకు తెలియదు, వెళ్లి తలుపు కొట్టలేరు. అజ్ఞాతం నిజం చెప్పిస్తుంది, కానీ చెప్పినవాళ్లని చేరుకోనివ్వదు. రెండూ కావాలంటే కుదరదు, కాబట్టి ముందే ఏర్పాటు చేయాలి.

సర్వే చేసే మెడికోలు, ముఖ్యంగా ఐసీఎంఆర్ స్టూడెంట్‌షిప్ ప్రాజెక్టులు చేసేవాళ్లు, ఇవి రాసుకోండి. తొమ్మిదో ప్రశ్న అడిగితే వెంటనే, అందరికీ కనిపించేలా టెలీ మానస్ నంబర్ 14416 పెట్టండి, చివరి పేజీ దాకా ఆగకండి. "నాతో ఎవరైనా మాట్లాడితే బాగుండు" అనుకునేవాళ్లకి వేరే ఫామ్ ఇవ్వండి, మొదటి ఫామ్‌తో దానికి ఏ సంబంధం ఉండకూడదు. లింక్ మార్కులు వేసే సార్ పంపకూడదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు విద్యార్థుల్ని పైవాళ్ల ఒత్తిడికి లోనయ్యే అవకాశం ఉన్నవాళ్లుగానే చూస్తాయి. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా మొదలుపెట్టొద్దు. మీ విశ్లేషణకి అక్కర్లేని జిల్లా, కులం, పుట్టినతేదీ అడగొద్దు. వయసు కావాలంటే 18-20 లాగా విడతలుగా అడగండి. ఏ ప్రశ్ననైనా వదిలేసే అవకాశం ఇవ్వండి. రిపోర్ట్‌లో మరీ తక్కువ మంది ఉన్న గుంపుల్ని కలిపేసి చూపించండి. లింక్ ఎక్కడ పంచారు, ఎంతమందికి చేరింది, ఎంతమంది నింపారు, రెండుసార్లు నింపకుండా ఏం చేశారు, అన్నీ రాయండి. దీనికోసమే 2004లో చెర్రీస్ అనే చెక్‌లిస్ట్ వచ్చింది.

నింపేవాళ్లకి నా సలహా చిన్నది. మెయిల్ వెళ్తుందో లేదో చూసుకోండి. మిమ్మల్ని ఒక్కరినే పట్టించే ప్రశ్న ఉంటే అది ఎందుకని అడగండి. తృప్తికరమైన జవాబు రాకపోతే నింపకుండా వదిలేయండి, అది మీ హక్కు. అబద్ధం రాయడం కన్నా ఖాళీ వదిలేయడం పరిశోధనకి కూడా మేలు.

మా చెల్లికి ఇదంతా చెప్పాను. తను, క్లాస్ రిప్రజెంటేటివ్ కలిసి సార్‌ని అడిగారట. సొంత జిల్లా ప్రశ్న తీసేశారు. అప్పటికే నింపినవాళ్ల సున్నాలు మాత్రం షీట్‌లో అలాగే ఉన్నాయి. వాటిలో ఏది నిజమైన సున్నానో ఇక ఎవరూ చెప్పలేరు.

రూమ్‌మేట్ గురించి ఒక్కటే చెప్పాను. "ఫామ్ సంగతి వదిలెయ్. ఈ రాత్రి తన పక్కన కూర్చుని ఏమైందని అడుగు. 14416 నంబర్ ఇద్దరూ కలిసి డయల్ చేయండి." ఫామ్ చేయలేని పని అదొక్కటే కదండీ.

మీ కాలేజీలో ఎవరైనా సర్వే మొదలుపెడుతుంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపించండి.